పది వేళ్లకూ గోరింటాకు

సోమవారం నుంచి శాంభవికి కాన్పు సెలవు. ఆమె దిగులు కాన్పు గురించి కాదు, సర్వర్ గురించి.

ఆ సర్వర్ ఆఫీసులో లేదు. గోదావరి ఎగువన, ఏజెన్సీ కొండల్లో ఒక రేకుల గదిలో ఉంది. జీపులో నాలుగు గంటలు, లాంచీలో రెండు గంటలు, ఆపైన నడక. నది పొడుగునా పదకొండు చోట్ల నుంచి పావుగంటకోసారి నీటిమట్టం తీసుకుని, దిగువ లంకల్లో ఉన్న పడవవాళ్లకీ సర్పంచులకీ మెసేజ్ పంపుతుంది. అది ఆగిపోతే, పశువుల పాకలోకి నీళ్లొచ్చాకే లంకవాళ్లకు వరద సంగతి తెలుస్తుంది.

పిడుగుకో ఎండకో అది అప్పుడప్పుడూ పడిపోతుంది. పడితే తనంతట తానే లేచే ఏర్పాటు శాంభవే చేసింది. యంత్రం పలకడం మానేసిన ఏడు నిమిషాలకు, పక్కనే ఉన్న చిన్న పెట్టె కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది. యంత్రం లేచి పని అందుకుంటుంది.

"లేస్తుందని నీకెలా తెలుసు?" అని అడిగారు భ్రమరాంబ గారు. శాంభవి పనిచేసే వరద హెచ్చరికల కేంద్రంలో ముప్ఫై ఏళ్లుగా ఉన్న ఇంజనీరు ఆవిడ. శాంభవికి పని నేర్పింది ఆవిడే. మెచ్చుకోవడం మాత్రం ఆవిడకు చేతకాదు.

"రీస్టార్ట్ చేసి చూశాను మేడం. ప్రతిసారీ లేచింది."

"అది పడుకోబెట్టి లేపడం. పడిపోవడం వేరు."

"నిజంగా పడిపోయినప్పుడూ లేచింది. ఈ ఏడాదిలో తొమ్మిదిసార్లు."

భ్రమరాంబ గారు సర్వర్ పడి లేచిన వేళల చిట్టా తెరిచి ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివారు.

"ఇక్కడ మూడో నిమిషంలో నువ్వే లేపావు. ఇక్కడ నాలుగు. ఇదేమో ఐదు. ఆరోజు పెళ్లి భోజనంలో ఉన్నానన్నావు కదూ? ఏడో నిమిషం దాకా దీన్ని ఎప్పుడైనా వెళ్లనిచ్చావా?"

ఫోన్ మోగగానే శాంభవి ఉన్నచోటే ల్యాప్‌టాప్ తెరిచి, ఆ చిన్న పెట్టె ద్వారా యంత్రాన్ని ఆపి మళ్లీ వేసేది. ఆఫీసంతా ఆమెను 'పెట్టె డాక్టరమ్మ' అనేవారు. ఆ పేరు ఆమెకు ఇష్టమే.

"ల్యాప్‌టాప్ ఆస్పత్రికి తీసుకెళ్తాను మేడం."

"పురిటి మంచం మీదికా?"

"అక్కడ సిగ్నల్ బాగుంటుందట. మా అమ్మతో కూడా చెప్పేశాను."

భ్రమరాంబ గారు చిట్టా మూసేశారు. "రేపు పన్నెండింటికి దాన్ని పడేద్దాం."

"మేడం! ఆదివారం నుంచి ఎగువన వానలంటున్నారు. లేవకపోతే?"

"లేవకపోతే ఆదివారం కాదు, రేపే తెలుస్తుంది."

మర్నాడు పన్నెండుకు ఐదు నిమిషాలుండగా భ్రమరాంబ గారు ఒక స్టీలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. మూత తీయగానే పచ్చి వాసన గదంతా పరుచుకుంది.

"గోరింటాకా?" అన్నాడు జీపు డ్రైవర్ ఏసుదాసు, గుమ్మంలోంచి. "ఆషాఢం అందరికీ వస్తదిగానండి, మేడం గారికి రావడం మాత్రం ఇదే చూడ్డం."

"చేతులు చాపు," అన్నారు భ్రమరాంబ గారు శాంభవితో.

"ఇప్పుడా మేడం?"

"ఇప్పుడే."

పది వేళ్లకూ దట్టంగా టోపీలు పెట్టారు. రెండు అరచేతుల్లోనూ రెండు చందమామలు పెట్టారు. పూజలో కూర్చున్నంత శ్రద్ధగా పెట్టారు.

"డాక్టరమ్మ గారికి కట్టు కట్టేశారండీ, ఆయ్," అన్నాడు ఏసుదాసు.

అప్పుడు భ్రమరాంబ గారు చెయ్యి తుడుచుకుని, శాంభవి కీబోర్డును తన ముందుకు లాక్కున్నారు. యంత్రం ఉన్నపళంగా చచ్చుబడేలా చేసే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని కొట్టి, గోడ గడియారం వైపు తిరిగి కూర్చున్నారు.

మొదటి నిమిషం బాగానే గడిచింది. రెండో నిమిషంలో శాంభవికి చెమట పట్టింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. లోపల బిడ్డ ఒక తన్ను తన్నింది. తెర నల్లగా ఉంది. మూడో నిమిషంలో ఆమె బ్యాగులో ఫోన్ మోగింది. సర్వర్ పడిపోయిందన్న కబురది. ఎప్పుడూ ఆ మోతకు లేచేది. ఇప్పుడు కుర్చీలో ముందుకు జరిగి ఆగిపోయింది.

"ఇప్పుడు బయల్దేరితే నాలుగున్నర లాంచీ దొరుకుద్దండి," అన్నాడు ఏసుదాసు, తాళంచెవి తిప్పుతూ.

"ఆగు."

నాలుగో నిమిషంలో శాంభవి వేళ్లు వాటంతటవే వంగాయి. చూపుడువేలి టోపీ ఊడి బల్ల మీద పడింది. భ్రమరాంబ గారు దాన్ని తీసి మళ్లీ ఆ వేలికే పెట్టారు.

ఏడో నిమిషంలో తెర కదిలింది. అక్షరాలు వరుసలుగా పరుగెత్తాయి. శాంభవి ఊపిరి వదిలింది. అంతలో వరుసలు ఆగిపోయాయి. పాత కొలతలు దెబ్బతిని ఉండొచ్చు, సరిచేసి ముందుకు వెళ్లనా అని అడిగి, కర్సర్ మిణుకుమంటూ నిలబడింది.

"అవునని 'వై' అక్షరం కొట్టండి మేడం. అంతే."

భ్రమరాంబ గారు కొట్టలేదు. "ఇది ఎప్పుడూ అడుగుతుందా?"

"అడుగుతుంది..." శాంభవి ఆగింది. ఎన్నిసార్లు అడిగిందో ఆమెకు గుర్తులేదు. కళ్లు చదివే లోపే వేలు ఆ పని చేసేసేది.

"సోమవారం ఎవరు కొడతారు?"

పన్నెండుంబావు అయింది. మెసేజ్ వెళ్లలేదు. బల్ల మీది ఫోన్ మోగింది. లంకలో పడవ నడిపే కామేశు.

"మేడం గారండీ, మెసేజ్ రాలేదండి."

"రాకపోవచ్చని పొద్దున చెప్పాగా. గీతల కర్ర చూశావా?"

"చూశానండి. నీళ్లు మూడో గీత కాడ ఉన్నాయండి."

"ఒంటిగంట దాకా అక్కడే ఉండి చూస్తుండు."

శాంభవి తలెత్తింది. అంటే పొద్దున్నే లంకలన్నిటికీ ఫోన్లు వెళ్లాయి. ఏసుదాసు జీపు తాళంచెవితో గుమ్మంలో నిలబడిందీ ఊరికే కాదు.

"ఇది లేవదనే అనుకున్నారా మేడం?"

"నేనేమీ అనుకోలేదు. ఎవరినీ అడక్కుండా అదే సరిచేసుకోవాలంటే ఎక్కడ మార్చాలో చెప్పు."

శాంభవి చెబుతుంటే భ్రమరాంబ గారు రెండు వేళ్లతో కొట్టారు. "ఆ గుర్తు కాదు మేడం, దాని పక్కది. అయ్యో, అది కాదు, పైది." ఎప్పుడూ రెప్పపాటులో అయ్యే పని పావుగంట పట్టింది. మొత్తం మూడు వరుసలు. చెబుతూ చెబుతూ ఆమె తను రాసిందంతా మొదటిసారి చదివింది.

సర్వర్‌ను మళ్లీ పడేశారు. మళ్లీ ఏడు నిమిషాలు. తెర కదిలింది. వరుసలు పరుగెత్తాయి. ఎవరినీ ఏమీ అడగలేదు.

పన్నెండుముప్పావుకు కామేశు ఫోన్ చేశాడు. "వచ్చిందండి. మూడో గీతే అంటందండి మీ పెట్టె. కర్రా అదే అంటంది."

"ఇక చేతులు కడుక్కోనా మేడం?" అంది శాంభవి నీరసంగా.

"ఇంకా ఎండలేదు. ఇంకోసారి పడేద్దాం."

శుక్రవారం సాయంత్రం శాంభవి ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సెలవు చెప్పడానికి వచ్చింది. భ్రమరాంబ గారు చెయ్యి చాపారు. శాంభవి సంచీ తీసి ఆ చేతిలో పెట్టింది. సంచీ సొరుగులోకి వెళ్లింది, తాళం పడింది.

పన్నెండు రోజుల తర్వాత, పొద్దున పదకొండింటికి, శాంభవి పుట్టింటి నుంచి ఫోన్ చేసింది. వారం రోజులుగా టీవీలో వరద వార్తలే.

"లంకలవాళ్లు ఎలా ఉన్నారు మేడం?"

"పశువులతో సహా గట్టెక్కారు. ఆడపిల్లటగా?"

"అవును మేడం. సర్వర్ పడలేదు కదా?"

"రెండుసార్లు పడింది."

శాంభవి మంచం మీద లేచి కూర్చుంది. "ఎవరు లేపారు?"

"ఎవరూ లేపలేదు," అని భ్రమరాంబ గారు ఫోన్ పెట్టేశారు.

పక్కన పొత్తిళ్లలో పాప కదిలింది. మొహం ముడుచుకుని ఏడవబోయింది. శాంభవి చెయ్యి చాపింది. గోళ్ల మీద ఎరుపు ఇంకా పోలేదు. ఆ చేతిని అలాగే గాలిలో ఉంచి, పాప వైపు చూస్తూ ఆగింది.

పాప గుప్పిట నోట్లో పెట్టుకుని మళ్లీ నిద్రపోయింది. శాంభవి చెయ్యి వెనక్కి తీసుకుంది.