కుడికాలు పెట్టి వచ్చినవారు

ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, పాపం. ఉన్న జబ్బల్లా ఒకటే, తన నోట వచ్చిందల్లా వేదమనుకునేవాడు. ఆయన మీసం మీద చెయ్యి వేశాడంటే తీర్పు వస్తోందని సభంతా సర్దుకుని కూర్చునేది. మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి "ఈ కోట మా పూర్వులది" అనడం ఆయనకు అలవాటు. నిజానికి ఆ కోట రాణిగారి పూర్వులది. రాయలవారు ఇల్లరికం వచ్చిన అల్లుడు. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. అయితే మాత్రం అనేదెవరు? తలకాయ ఎవరికి బరువైంది?

ఒకరోజు సభకు అచ్చమ్మ అనే పెద్దావిడ వచ్చింది. వెనకాలే ఆమె మరిది గవరయ్య వచ్చాడు. బెల్లం వ్యాపారి.

"మహాప్రభో! అన్న పోయాడు. మా వదినను ఇల్లు ఖాళీ చెయ్యమంటే కదలడం లేదు. ఆ వెనక గదిలో నేను బెల్లం బుట్టలు పెట్టుకోవాలి" అన్నాడు గవరయ్య.

అచ్చమ్మ చేతులు జోడించింది. "ప్రభూ, నేను కాపురానికి వచ్చేనాటికి వీడు తల్లి లేని పసివాడు. ఈ చేత్తో ముద్దలు పెట్టి పెంచాను. ఆ ఇంటి గోడలు అలికాను, ఆ ఇంటి పెద్దలకు చాకిరీ చేశాను. నన్ను హారతిచ్చి, కుడికాలు లోపల పెట్టమ్మా అని పిలిచి తెచ్చుకున్నారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను ఎవరైనా అలా పిలుస్తారా? ఈ వయసులో నేనెవరి పంచన చేరను?" అంటూ కళ్ళు తుడుచుకుంది.

రాయలవారు మీసం దువ్వాడు. "కన్నీళ్ళు న్యాయం కావమ్మా. ఇల్లు ఎవరి వంశానిదో వాళ్ళదే. పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళంతా చుట్టాలే. ఇంటివాళ్ళు పొమ్మంటే మూట కట్టుకోవాల్సిందే. రేపు పొద్దుగూకేలోగా ఖాళీ చెయ్యి."

అచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సభలో బుచ్చిమల్లన అనే చమత్కారి ఉండేవాడు. మనిషి జానెడు, నోరు బారెడు. అతను లేచి వంగి దండం పెట్టాడు.

"ఆహా, ఏం తీర్పు ప్రభూ! ఇంత గొప్ప న్యాయం ఒక్క అచ్చమ్మకే దక్కితే ఎలా? రాజ్యమంతా దండోరా వేయించండి. కోట మొదలుకొని గుడిసె దాకా అందరికీ ఇదే న్యాయమని."

రాయలవారు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "భేష్! అలాగే చాటించండి. కోట మొదలుకొని గుడిసె దాకా!"

ఆ సాయంత్రం బుచ్చిమల్లన అంతఃపురానికి వెళ్ళి రాణిగారితోనూ, ఆమె తల్లిగారితోనూ ఏదో మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో తెల్లారేసరికి కోటంతటికీ తెలిసింది.

పొద్దున్నే రాయలవారు మీసం దువ్వుకుందామని చూస్తే అద్దం లేదు. పీట లేదు. నూనె గిన్నె లేదు. చూస్తూ ఉండగానే నలుగురు నౌకర్లు వచ్చి ఆయన పట్టెమంచం కూడా ఎత్తుకుపోయారు. వాళ్ళ వెనకే వాకిట్లోకి పరుగెత్తాడు. అక్కడ ఎడ్లబండి మీద అద్దం, పీట, మంచం, వాటి మధ్య కాళ్ళు ముడుచుకుని, తమలపాకుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, సాక్షాత్తూ అత్తగారు!

"ఏమిటీ ఘోరం?" అని అరిచాడు రాయలు.

"ఘోరమేముంది నాయనా? నేనూ ఈ ఇంటికి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్నే, నువ్వూ అంతే. అమ్మాయి పొమ్మంది. ఎక్కు, ఇద్దరం కలిసే పోదాం. దారిలో కబుర్లు చెప్పుకోవచ్చు" అంది అత్తగారు ఆకుకు సున్నం రాసుకుంటూ.

రాయలవారి ముఖం పాలిపోయింది. గుమ్మంలో నిలబడ్డ రాణి వైపు తిరిగాడు. "నిజమేనా దేవీ?"

"నాకూ మీ బట్టల గదితో పని పడింది. అయినా దండోరా వేయించింది మీరేగా" అంది రాణి నవ్వు ఆపుకుంటూ.

రాజుగారికి ఒళ్ళు మండింది. "నేను చుట్టాన్నా? శత్రువులు వస్తే ఈ కోట గుమ్మానికి అడ్డంగా నిలబడింది నేను! కూలిన బురుజులు కట్టించింది నేను! మీరు హారతిచ్చి పిలిస్తేనే కుడికాలు పెట్టి లోపలికి వచ్చాను. నా బతుకంతా ఇక్కడే పెట్టాను. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోను?"

బండి పక్కనుంచి బుచ్చిమల్లన తల బయటికి పెట్టాడు. "సరిగ్గా ఈ మాటలే నిన్న అచ్చమ్మ అంది ప్రభూ. ఆమెకు మీసాల్లేవుగా, సభకు వినపడలేదు."

రాయలవారు బండిని చూశాడు, అత్తగారిని చూశాడు. నిన్న అచ్చమ్మ కళ్ళు తుడుచుకోవడం గుర్తొచ్చి ఆయనకు నిజంగానే సిగ్గేసింది. తర్వాత ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తన చేతి కంకణం తీసి బుచ్చిమల్లనకు తొడిగాడు.

"నా మాటతోనే నా నోరు మూయించావు గదయ్యా! మళ్ళీ దండోరా వేయించు. కుడికాలు పెట్టించి తెచ్చుకున్నవారిని ఎడమచేత్తో గెంటరాదు. తగవుంటే పెద్దల ముందుకు రావాలి, ఇద్దరి మాటా వినాలి. వేరే నీడ చూపించనిదే ఎవరినీ గడప దాటించరాదు. కోట మొదలుకొని గుడిసె దాకా!"

"చిత్తం ప్రభూ. ముందు సామాను దించేవాళ్ళకు కాస్త మజ్జిగ ఇప్పించండి" అన్నాడు బుచ్చిమల్లన.

అచ్చమ్మ అప్పటికే మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. దండోరా విని గవరయ్య తలవంచుకుని వచ్చాడు. హారతి పళ్ళెం పట్టుకుని, "లోపలికి రా వదినా, కుడికాలు పెట్టు" అన్నాడు.

అచ్చమ్మ ముక్కు ఎగబీల్చింది. "హారతి సంగతి తర్వాత చూద్దాంలేరా, పొయ్యి మీద పాలు మాడుతున్నాయి!" అంటూ గబగబా లోపలికి పరుగెత్తింది.

ఏ కాలు ముందు పెట్టిందో ఎవరూ చూడలేదు.