ఏటవతలి కణుజు

ప్రాణహిత నదికి ఇవతలి గట్టున, పత్తిచేలకూ తుమ్మపొదలకూ మధ్య ఒక రాళ్ళగుట్ట ఉంది. ఆ గుట్టలో ఒక తోడేళ్ళ కుటుంబం కాపురముండేది. ఇంటిపెద్ద పేరు ఓదేలు. ఆయన పెళ్ళాం బానవ్వ. బానవ్వ తమ్ముడు గట్టయ్య, బలమైన వాడు, నెమ్మదస్తుడు. చెల్లెలు ఈరవ్వ. ఈరవ్వ మొగుడు తారురోడ్డు దాటుతూ లారీ కింద పడి చచ్చిపోయాడు. అప్పటికే కడుపుతో ఉన్న ఈరవ్వ అక్క దగ్గరికి వచ్చి ఐదుగురు పిల్లల్ని కన్నది.

ఆ ఏడు కుందేళ్ళు కరువయ్యాయి. మేకల మందకు నలుగురు కాపరులు, ఆరు కుక్కలు. రోజూ పొద్దున్నే ఆ ఐదు పిల్లలూ బానవ్వ మూతి నాకి వాసన చూసేవి. ఏమీ లేకపోతే వెళ్ళి మూలన పడుకునేవి. అల్లరి చేసినా బాగుండేది. అట్లా చప్పుడు చేయకుండా పడుకోవడం చూసి బానవ్వ తట్టుకోలేకపోయేది.

ఏటికి అవతల వేరే రాజ్యం. అక్కడి అడవి ఏ ఒక్కరి సొంతమూ కాదు, అక్కడివాళ్ళు ఎవరైనా వేటాడొచ్చు. అయితే బయటినుంచి వచ్చేవాళ్ళకి అక్కడి పెద్దపులి ఒక కట్టడి పెట్టింది. ఏడాదికి ఒక్క గుంపుకే అనుమతి. అదీ ఒకే ఒక్క మగ కణుజుకి. కణుజంటే దుప్పుల జాతిలోకెల్లా పెద్దది, ఒక్కటి పడితే ఇంటిల్లిపాదీ పక్షం రోజులు తినొచ్చు. మూడేళ్ళు అడగ్గా అడగ్గా ఈ చలికాలం ఓదేలుకు వంతు వచ్చిందని కొంగ కబురు తెచ్చింది.

ఇక ఆ రోజు నుంచి బానవ్వకు తలనొప్పి పట్టుకుంది.

ఓదేలు ఇంతకుముందు ఏరు దాటిన వాడు కాదు. అందుకని కనబడ్డ ప్రతి జంతువునూ ఆపి సలహా అడగడం మొదలుపెట్టాడు. అక్కడ గాలి ఎటు వీస్తుందని గద్దను అడిగాడు. దారులెట్లా ఉంటాయని ముళ్ళపందిని అడిగాడు. ఇసుకలో గోటితో గీతలు గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. ఒంటి వాసన పోవాలని బురదలో పొర్లాడు. గట్టయ్య చేత రోజుకు ఎనిమిదిసార్లు గుట్ట ఎక్కించి దింపాడు.

"బావా, వేటకు పోకముందే నా పానం పొయ్యేటట్టుంది," అన్నాడు గట్టయ్య నాలుక బయటపెట్టి.

"అవతల గుట్టలు దీనికి నాలుగింతలుంటయట. ఇంకోసారి ఎక్కు!"

బానవ్వ అడిగింది ఒకటే ప్రశ్న. "ఏమయ్యా, అంత పెద్ద కణుజును ఇంటికెట్ల తెస్తం?"

"ముందు పడనియ్యవే."

"పడ్డది. పడ్డదనుకో. మధ్యల ఏరున్నది. పిల్లలు ఈడున్నరు. ఎట్ల తెస్తవు?"

"కొంత నోట్ల, కొంత కడుపుల. మనకు కొత్తనా?"

అది నిజమే. తోడేళ్ళు దూరం నుంచి కడుపు నిండా తినొచ్చి, ఇంటిదగ్గర పిల్లల ముందు కక్కి పెడతాయి. కానీ బానవ్వ ఊరుకోలేదు. "కడుపుల మాంసం పూటకంటె ఆగదు. దూరమైతే మనకే అరిగిపోతది."

"అబ్బ! నోరు తెరిస్తె అపశకునమేనా?" అని ఓదేలు మళ్ళీ గీతల మీద పడ్డాడు. బానవ్వ ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ గాలి గురించి జవాబు వచ్చింది.

పదిహేను రోజుల ఏర్పాట్ల తర్వాత, ఒకనాడు తెల్లవారుతుండగా ముగ్గురూ ఏరు దాటారు. ఈరవ్వ పిల్లలతో ఇంట్లోనే ఉండిపోయింది.

అవతలి గట్టున ఒక నక్క వీళ్ళకోసమే కూర్చున్నట్టు కూర్చుని ఉంది. దాని పేరు పాండు.

"రాండ్రి రాండ్రి పటేలా! మీ వంతు వచ్చిందని విన్న. కొత్త జాగ, తొవ్వ తెల్వక తిప్పలు పడ్తరని నేనే వచ్చిన. పెద్ద కణుజులు ఎక్కడుంటయో ఈ అడవిల నాకు తెలిసినట్టు ఎవ్వలకు తెల్వది."

ఓదేలు పొంగిపోయాడు. బానవ్వ ముందుకొచ్చింది. "మరి నీకేం కావాలె?"

"నాకేం వద్దు వదినా."

"వాటా?"

"ఒక్క ముక్క కూడ అడగ."

వాటా వద్దన్న నక్కను బానవ్వ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మొగుడి చెవి దగ్గరికి పోయి, "వీడితోని జాగ్రత్త," అంది. "ఎవరన్న మంచిగ మాట్లాడినా నీకు గిట్టదు," అన్నాడు ఓదేలు.

నాలుగడుగులు వేశారో లేదో, తుంగగడ్డిలో ఒక మగ కణుజు మేస్తూ కనిపించింది. వయసులో చిన్నది, కొమ్ములింకా కొమ్మలేయలేదు. గాలి దానివైపు నుంచే వీస్తోంది. వెనక్కి తిరిగితే ఏరు కనబడుతూనే ఉంది. బానవ్వ మొగుడి పక్కకు జరిగింది.

"ఇదే! ఈడ్నించైతే కడుపుల నింపుకొని గంటల ఇల్లు చేరుతం. కక్కి పెట్టి మళ్ళ వస్తం. రెండు రోజుల్ల మొత్తం ఇంటికి చేరుస్తం."

గట్టయ్య అప్పటికే నేలకు ఒంగి నక్కాడు. అప్పుడు పాండు చిన్నగా దగ్గాడు.

"మీ ఇష్టం పటేలా. కని ఇది పడితె మీ వంతు అయిపాయె. మూడేండ్లు ఆగి ఈ దూడనా పట్టుకపొయ్యేది? మూడు గుట్టలవతల, లోయల ఒకడున్నడు. వాని కొమ్ములు చూస్తె పులి కూడ పక్కకు జరుగుతది."

ఓదేలు కళ్ళు మెరిశాయి. "ఎంత పొడుగుంటయి?"

"కొమ్ములతోని ఏం పనయ్యా నీకు!" అంది బానవ్వ.

"ఇంత ఏర్పాటు చేసింది దీనికోసమా?"

"ఏర్పాటు చేసింది ఆకలికోసం!"

"మెల్లగ మాట్లాడు."

"నేను మెల్లగనే మాట్లాడుతున్న, నువ్వే..."

తుంగగడ్డి గలగలమంది. కణుజు తలెత్తి, ఈ కాపురాన్ని ఒక్క క్షణం చూసి, ఒక్క గెంతులో వెదురుపొదల్లో కలిసిపోయింది. గట్టయ్య నక్కిన చోటునుంచే అక్కనూ బావనూ మార్చి మార్చి చూశాడు.

ఇక లోయకు పోక తప్పలేదు. రెండు రోజులు నడిచారు. ఎక్కిన గుట్టకంటే దిగిన గుట్ట నిటారుగా ఉంది. దిగుతున్న ప్రతి అడుగునూ బానవ్వ మనసులో తిరిగి ఎక్కి చూసుకుంది. పాండు మాత్రం పాట పాడుకుంటూ ముందు నడిచాడు.

మూడోనాటి మధ్యాహ్నం నక్క చెప్పింది చెప్పినట్టే లోయలో ఆ ముసలి కణుజు పోతు కనిపించింది. నిజంగానే కొండలా ఉంది. ఓదేలు గీసిన గీతలేవీ అక్కడ పనికిరాలేదు. మీదపడబోతే కణుజు ఎదురుతిరిగి కొమ్ములు విసిరింది. గట్టయ్య డొక్క చీరుకుపోయింది. బానవ్వ గొంతు పట్టబోయి ఎగిరి అంత దూరాన పడింది. మళ్ళీ లేచి తరిమారు. వాగు దాటుతుంటే పాచిరాయి మీద కణుజు గిట్ట జారింది. అంతే, ముగ్గురూ మీద పడ్డారు.

"చూసినవా నా ఏర్పాటు!" అని అరిచాడు ఓదేలు.

బానవ్వ రొప్పుతూ తలెత్తి చూసింది. చుట్టూ మూడు వైపులా నిటారు కొండ. ఆ రాళ్ళ మీద అప్పటికే నక్కలు కూర్చుని ఉన్నాయి. ఇరవై దాకా ఉంటాయి. వాటి వెనక రెండు దుమ్ములగొండ్లు. పైన చెట్ల నిండా రాబందులు. ఎవరూ తొందర పడటం లేదు.

"ఇప్పుడు చెప్పు," అంది మొగుడితో. "ఎట్ల తెస్తవు?"

ఓదేలు కణుజును చూశాడు, కొండను చూశాడు. ముక్కెత్తి గాలి ఎటు వీస్తోందో చూశాడు. పాండే అందుకున్నాడు. "పటేలా, మోయగలిగినంత మోసి ఆ మొదటి గుట్ట మీద దాచి రాండ్రి. మిగిలింది నేను చూస్త."

"విన్నవా?" అన్నాడు ఓదేలు హమ్మయ్య అనుకుంటూ. "ఎంత మంచోడు!"

"నేనుంట కాపలా. మీరిద్దరు పోండ్రి," అంది బానవ్వ.

కానీ గట్టయ్య డొక్క నుంచి రక్తం కారుతోంది. వాడు బరువు మోయలేడు. తను కూడా మోయకపోతే పిల్లలకు ఏమీ చేరదు. ఆ దుమ్ములగొండ్ల ముందు ఒంటరిగా నిలబడినా ఎంతసేపు నిలబడగలదు? ఆమె కణుజు తొడ ఒకటి కొరికి విడదీసి నోట కరుచుకుంది. తిరిగి చూస్తే ఓదేలు కొమ్ముల తలను ఈడుస్తున్నాడు.

తొడ కింద పెట్టి అడిగింది. "తలకాయ దేనికయ్యా? పిల్లలు కొమ్ములు నములుతరా?"

"పదిమందికి చూపియ్యాలె గద."

బానవ్వ తొడను మళ్ళీ కరుచుకుని నడిచింది. మాట్లాడితే నోట్లో తొడ జారిపోతుంది. సగం కొండ ఎక్కేసరికి ఓదేలు కొమ్ములు మోదుగచెట్టులో ఇరుక్కున్నాయి. లాగాడు. ఊడి వచ్చినట్టే వచ్చి, ఆ తల ఆయన్ని కూడా రెండు బారల దూరం దొర్లించి, డబడబమంటూ లోయలో పడిపోయింది.

తొడను కొండ మీద పొదలో దాచి, గట్టయ్యను కాపలా పెట్టి, పొద్దు వాలేలోపు ఇద్దరూ తిరిగి లోయలోకి దిగారు. అక్కడ ఎముకలున్నాయి. ఎముకలు కూడా శుభ్రంగా ఉన్నాయి. పాండు ఒక రాతి మీద వెల్లకిలా పడుకుని పొట్ట నిమురుకుంటున్నాడు.

"ఏందిరా ఇది? చూస్త అన్నవు గద!" అని ఓదేలు గర్జించాడు.

"చూసిన పటేలా. మొత్తం అయ్యేదాక కన్ను కదపకుండ చూసిన."

"ఒక్క ముక్క కూడ అడగనంటివి!"

"అడిగిన్నా?" అన్నాడు పాండు.

ఓదేలు మీదికి ఉరకబోయాడు. చుట్టూ రాళ్ళ మీద ఇరవై నక్కలు లేచి నిలబడ్డాయి. బానవ్వ మొగుడి మెడ పట్టి వెనక్కి లాగింది. "ఏరు పక్కనైతె మనం మొత్తం తీస్కపోతుంటిమి. అందుకే వీడు మనల్ని ఇక్కడ దింపిండు. పద, ఇంక నడువు."

మిగిలిన తొడను మొగుడూ పెళ్ళాం వంతులవారీగా మోశారు, గట్టయ్య కుంటుతూ వెనక నడిచాడు. రెండు రోజుల దారిలో ఎవరూ ఒక్క కొరుకు కూడా కొరకలేదు, ఓదేలు కూడా. ఏరు ఈదేటప్పుడు బానవ్వ నోట్లో నీళ్ళు పోయినా పళ్ళు వదల్లేదు.

గుట్టకు చేరి తొడను కింద పెట్టగానే ఐదు పిల్లలూ మీద పడ్డాయి. చూస్తుండగానే ఎముక తేలింది. ఈరవ్వ ఒక్క ముక్క కూడా ముట్టుకోకుండా, అక్క పెదాల మీది పుండ్లు నాకింది. వేట కబురు విని పక్క గుట్టల తోడేళ్ళు చుట్టూ చేరాయి. ఓదేలు గొంతు సవరించుకున్నాడు.

"వాని కొమ్ములు ఎంతున్నయనుకున్నరు..."

"ఏది పెదనాయినా?" అంది ఒక పిల్ల, ఎముక వదిలి ఆయన వెనకాల వెతుకుతూ. "మిగిలిందేది?"

వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా వెళ్ళిపోయారు. బానవ్వ అప్పటికే పత్తిచేను వైపు నడుస్తోంది, ఎలుకలు తవ్వడానికి. ఓదేలు కూడా తల దించుకుని ఆమె వెనకే నడిచాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి పదకొండు ఎలుకలు తెచ్చారు. ఒక్కటి కూడా దారిలో పోలేదు.

జంతువును పడగొట్టిన చోట వేట అయిపోదు, ఇంట్లో ఆకలి తీరినప్పుడే అయిపోయినట్టు.