రాజుగారి మీసాలకు ధర్మం

రౌద్రి నామ సంవత్సరం ఆషాఢ బహుళ తదియనాడు గంజిశాల ఎర్రక్కకు అన్యాయం జరిగింది. దిక్కులేని అరవైమందికి రెండు పూటలా గంజి పోసే మనిషి ఆమె.

అంతకు నెల ముందు మేడికుర్తి రాజు పెదగోప భూపతికి ఒక ముచ్చట పుట్టింది.

"పన్నులో పదో వంతు ఏ ధర్మానికి పోవాలో కట్టేవాళ్లే చెప్పాలి!"

జనం ఎర్రక్క పేరు చెబుదామనుకున్నారు. ఇంతలో కోశాధికారి శరభయ్య, సొమ్ము తన చేతికే వచ్చేలా, 'మహారాజుగారి మీసాల సంరక్షణ సంఘం' పెట్టాడు. పైగా ఎవరి కోరిక వాళ్లు నిండు కొలువులో గట్టిగా చెప్పాలన్నాడు.

రాజు ఎదురుగా మీసం మెలేస్తూ కూర్చుంటే ఇంకో పేరెత్తే మగాడెవడు? అందరూ మీసాలకే అన్నారు. ధర్మం పన్నులో పోయిందిగా అని ఎర్రక్కకు గింజలిచ్చేవాళ్లూ మానేశారు. తదియనాడు ఆమె పొయ్యి ఆరింది.

రాజుకు తాంబూలం అందించే నాంచారికి ఒళ్లు మండింది. సంఘానికి సొమ్ము అప్పగించే రోజున ఆకులు చుడుతూ నెమ్మదిగా అడిగింది.

"ఏలినవారూ, నీళ్లు ధారపోయకుండా దానం చెల్లుతుందా?"

"ఎలా చెల్లుతుందే?"

"అందుకే పన్ను కట్టిన వెయ్యిమందీ వాకిట్లో నీళ్ల చెంబులతో నిలబడ్డారు. పుచ్చుకునే మీసాలకేమో చేతుల్లేవు. ఎక్కడ పొయ్యమంటారు?"

శరభయ్య ముందుకు ఉరికాడు. "నేనున్నాగా! వాటి తరఫున నేను చెయ్యి పడతాను."

నాంచారి బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో బాబూ, రాజుగారి మీసాలకు మీరా దిక్కు?"

రాజుకు రోషం పొడుచుకొచ్చింది. "నా మూతి, నా మీసాలు. నేనే పుచ్చుకుంటా. రమ్మనండి!"

రాజు మూతి ముందుకు చాపాడు. మొదటి చెంబుకు మీసాల నూనె కారింది. రెండో చెంబుకు కాటుక నలుపు గడ్డం దాకా దిగింది. మూడోవాడు ఆరడుగుల మనిషి, భక్తి కాస్త ఎక్కువ. ఎత్తునుంచి పోశాడు. నీళ్లు ముక్కులోకి పోయి రాజు ఉక్కిరిబిక్కిరయ్యాడు. మీసాలు తడిసిన ఎలుక తోకల్లా వేలాడాయి.

"ఇంకా ఎంతమందే?"

"తొమ్మిది వందల తొంభై ఏడుగురే ప్రభూ. ఈ ఏటికి!"

కొలువంతా ఉత్తరీయాలు నోట్లో కుక్కుకుంది. ముందు పకపకా నవ్వింది రాజే.

"నా మీసాలకు ధర్మం వద్దు తల్లీ! ఎవరికివ్వాలో ఎవరికి వాళ్లు గుమస్తా చెవిలో చెప్పి పొండి. శరభయ్యా, ఏడాదిపాటు ఎర్రక్క దగ్గర కట్టెలు మొయ్యి!"

తన చేతి కంకణం తీసి నాంచారికి తొడిగాడు. గుమస్తా ఆనాటి పద్దు రాశాడు:

ఆషాఢ బహుళ నవమి. ఎర్రక్క గంజిశాలకు తొమ్మిది వందల నాలుగు వరహాలు. మీసాలకు ఒక తువాలు.