పసుపు చీర అంచు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఈవల ఒక రాజు, ఆవల ఒక రాజు. ఈవలి రాజు కొడుకు మణిధరుడికీ, ఆవలి రాజు కూతురు హేమవల్లికీ తాంబూలాలు పుచ్చుకున్నారు. "ఏటి మీద వంతెన కడదాం, నడిమధ్యన పెళ్ళి చేద్దాం" అనుకున్నారు రాజులు.

ఈ ఒడ్డు నుంచి వీళ్ళు, ఆ ఒడ్డు నుంచి వాళ్ళు కట్టుకొచ్చారు. నడుమకు వచ్చేసరికి ఒక కొస పైన, ఒక కొస కింద! పడగొట్టి మళ్ళీ కట్టారు. ఈసారి పైది కింద, కిందది పైన. మూడోసారి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి.

"మీవాళ్ళు గుడ్డివాళ్ళు!" అన్నాడు ఈ రాజు.

"మీవాళ్ళు తాగుబోతులు!" అన్నాడు ఆ రాజు.

రాయబారులు వెనక్కొచ్చేశారు. పడవలు ఆగిపోయాయి. వంతెన కొసల మీద భటులు కత్తులు పట్టుకు నిలబడ్డారు.

మూడేళ్ళు గడిచాయి. ఎక్కడెక్కడి రాకుమారులో ఏడు సముద్రాలు దాటారంటారు. మన మణిధరుడు ఒక్క ఏరు దాటలేకపోయాడు. రోజూ ఆవలి ఒడ్డున హేమవల్లి ఆరేసే పసుపు చీర చూసేవాడు. చీర కనిపించేది, మనిషి కనిపించేది కాదు. "తాంబూలాల నాడు విన్న గొంతు మరిచిపోతున్నానేమో" అని కుమిలిపోయేవాడు.

ఒకనాడు వలలో చిక్కిన నీటిపిల్లిని విడిపించాడు. అది మూతి తుడుచుకుని, "బాబూ, మీకు మూరంటే ఎవరి చెయ్యి?" అంది.

"నాన్నగారి చెయ్యి."

"ఆవల ఆ రాజు చెయ్యి. మీ నాన్న పొడుగు, ఆయన పొట్టి. ఇక కొసలేం కలుస్తాయి? ఏటి నడుమ బండ మీద ఒక మాంత్రికుడున్నాడు, వంతెన పూర్తయితే వాడికి చోటుండదు. అందుకే వాడి చిలక ఇద్దరి చెవుల్లోనూ 'ప్రభూ, మీ మూరే మూర' అని ఊదుతోంది. వాడి ప్రాణమూ దాంట్లోనే ఉంది."

"అయితే పీక నులిమేస్తా!"

"నులిమితే మాంత్రికుడు పోతాడు, రాజుల పట్టుదల పోదు. ఇద్దరి ముందూ ఒక్కసారే మాట్లాడించు."

మణిధరుడు జాంపండు చూపి చిలకను పట్టాడు. కొసల మీది భటుల చేత కేకలు వేయించి రాజులిద్దర్నీ వంతెన కొసలకు పిలిపించి, "చెప్పు, ఎవరి మూర మూర?" అన్నాడు.

చిలక ఇటు చూసి "ప్ర..." అంది. అటు చూసి "ప్ర..." అంది. మూడోసారి గొంతు పట్టేసి, ఈకలన్నీ రాలి, ప్రాణం విడిచింది. బండ మీద మాంత్రికుడు పొగై పోయాడు.

రాజులు చేతులు చాచి చూసుకున్నారు.

"బావగారూ, మీ చెయ్యి ఇంతేనా?"

"మీది చెయ్యా, తాటిమానా?"

పకపకా నవ్వుకున్నారు. అంతలో ఎవరో పరుగున వచ్చి, చీర అంచు చించి, రెండు సమానమైన ముక్కలు చేసి, ఒకటి ఈవలికి విసిరి, "ఇద్దరికీ ఇదే మూర!" అన్నారు. ఎవరిదా గొంతు అనుకుంటూ మణిధరుడు తలెత్తి చూశాడు. పసుపు చీర!

నాలుగోసారి కొసలు కలిశాయి. పెళ్ళి పీటల మీద మణిధరుడు తల వంచుకుని, "నీ గొంతు గుర్తుపట్టలేకపోయాను" అన్నాడు.

"నేను మీ ముఖమే మరిచిపోయాను. ఇక రోజూ చూస్తాగా" అంది హేమవల్లి.

తర్వాత వాళ్ళే రాజూ రాణీ అయ్యారు. ఏటేటా పెళ్ళిరోజున రెండు ఒడ్ల వాళ్ళూ ఆ అంచుముక్కలు తెచ్చి, పక్కపక్కన పెట్టి సరిచూసుకునేవారు, ఎవరూ మరిచిపోకుండా. అవి సరిపోయినంత కాలం వంతెనా నిలిచింది, వాళ్ళూ చల్లగా ఏలారు.