వేపగుంట దగ్గర కుంటినడక

రాళ్లవాగుకి ఇవతల, తుమ్మచెట్ల నీడలో ఒక మంద ఉండేది. మంద అంటే అంతా ఒకే జాతి కాదు. గేదెలు, మేకలు, నాలుగు ఎడ్లు, ఒక గాడిద, ఎవరూ పిలవకుండానే వచ్చి ఉండిపోయిన ఒక నక్క.

వాగు దాటి లోపలికొచ్చే దారిలో ఒక గుంట ఉంది. దాన్ని వేపగుంట అంటారు. మేతకెళ్లొచ్చిన వాళ్లెవరైనా సరే అందులో నాలుగు కాళ్లూ ముంచాకే లోపలికి రావాలి. ఈ పద్ధతి పెట్టింది గాడిదే. ఆమె పేరు బూడిద. చిన్నాపెద్దా అందరికీ బూడిదక్క.

రెండేళ్ల కిందట వానల్లో గాలికుంటు జబ్బు వచ్చింది. గిట్టల మధ్య పుండ్లు, నోట్లో పొక్కులు, ఒకటే చొంగ. నీలవేణి అనే గేదెకి అప్పుడే దూడ పోయింది. ఆ తర్వాత నుంచి బూడిదక్క రోజూ పొద్దున్నే అందరి దగ్గరికీ వెళ్లి "ఏదీ, కాలు చూపించు" అని అడిగేది. గీరుకుపోయినా సరే వేపనూనె రాసేది. మిగిలింది గుంటలో కలిపేది. నూనె ఇచ్చేది అవతలి కొండ ఏనుగులు. వాటికి పెద్ద వేపతోపు ఉంది. ఏటా వానలకి ముందు ఏదో ఒక మందకి పది కుండలు సాయం చేస్తాయి.

ఈ ఏడు నీలవేణి మళ్లీ ఈనింది. దూడకి నెల నిండింది. వానలు ఇంకో పదిహేను రోజుల్లో పడతాయి. బూడిదక్క దగ్గర నూనె చూస్తే కుండ అడుగున తడి తప్ప ఏమీ లేదు.

అలాంటప్పుడు ఏనుగుల దగ్గర్నుంచి కాకి ఒక తాటాకు పట్టుకొచ్చింది.

"ఈసారి ఊరికే ఇవ్వరంట. రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలంట," అని చదివింది. "ఒకటి. మీ దగ్గర జబ్బు ఎంతుంది? ఎక్కువున్న మందకే సాయం. రెండు. పోయినేడు ఇచ్చిన నూనెతో జబ్బు ఎంత తగ్గింది? బాగా తగ్గించిన మందకే సాయం."

బూడిదక్క ఒక చెవి ముందుకి, ఒక చెవి వెనక్కి పెట్టింది. "ఇంకోసారి చదువు నాయనా."

కాకి చదివింది. మూడోసారి కూడా చదివింది. నాలుగోసారి అడిగితే గొంతెండిపోతోందని ఎగిరిపోయింది.

బూడిదక్క తిన్నగా నీలవేణి దగ్గరికెళ్లింది. "పిన్నీ, మన దగ్గర జబ్బు లేదు కదా?"

"లేదు."

"లేదని చెప్తే, ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు."

"అయితే ఉందని చెప్పు."

"ఉందంటే, ఇచ్చిన నూనె ఏం చేశావంటారు."

"అయితే తగ్గిందని చెప్పు."

"తగ్గిందంటే లేదనేగా పిన్నీ."

నీలవేణి నెమరు ఆపేసింది. "అవన్నీ నాకెందుకే. నా దూడకి నూనె వస్తుందా, రాదా? అది చెప్పు."

"అదే తెలీట్లా," అంది బూడిదక్క. నిజంగానే తెలీలేదు. రోజంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. ఇటునుంచి వెళ్తే అది అడ్డం, అటునుంచి వెళ్తే ఇది అడ్డం. జబ్బు రాకుండా చూసుకోవడమే తను చేసిన తప్పా అని కూడా అనుమానమొచ్చింది.

సాయంత్రం నక్క బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏంటక్కా, గడ్డి ముట్టలేదంట."

బూడిదక్క చెప్పింది. నక్క బావ పళ్లు బయటపెట్టి నవ్వాడు.

"దీనికింత దిగులా? చూడ్డానికి ఎవరో ఒకరు వస్తారు. వచ్చిన రోజు అందరూ కుంటాలి. కుంకుడుకాయ నమిలి మూతికి నురగ పూసుకోవాలి. చూసినవాడి గుండె కరిగిపోవాలి. మాట్లాడ్డం నాకొదిలెయ్. పది కుండల్లో మూడు నావి."

"నీకు నూనెందుకు బావా? నువ్వు ఎప్పుడూ గుంటలో కాలు పెట్టవుగా."

"ఆ చేదు కంపు నాకు పడదు. అవతల లోయలో ముంగిసలకిస్తే ఎండుచేపలిస్తాయి. నీకు దూడ కావాలా, నా సంగతులు కావాలా?"

బూడిదక్కకి నచ్చలేదు. కానీ ఇంకో దారి కూడా తోచలేదు. దూడ వచ్చి ఆమె మోకాలికి మూతి రాసింది. "సరే బావా," అంది.

మర్నాటినుంచి కుంటడం నేర్చుకోవడం మొదలైంది. ఎడ్లు బానే కుంటాయి. మేకలతోనే గొడవ. వెళ్లేటప్పుడు ఎడమకాలు కుంటి, వచ్చేటప్పుడు కుడికాలు కుంటేవి.

"ఏ కాలో గుర్తుపెట్టుకోవే," అని నక్క బావ కసిరాడు.

"నాలుగున్నాయి బావా, నీకేం తెలుసు మా కష్టం," అంది ఒక మేక.

"నీకు నాలుగైతే నాకేమైనా రెండా?"

అందరికంటే బాగా కుంటింది నక్క బావే. వెనక కాలు ఈడుస్తూ, కళ్లు తేలేసి, మూతి నిండా నురగతో వస్తుంటే, నాటకమని తెలిసి కూడా నీలవేణి రెండుసార్లు కంగారుపడింది.

ఐదోరోజు ఏనుగుల తరఫున కొంగ గారు వచ్చారు. వాగు ఒడ్డున దిగి, ఒంటికాలి మీద నిలబడి, తాటాకు తీశారు.

బూడిదక్క గబగబా దగ్గరికెళ్లింది. "అయ్యో, మీ కాలికేమైందండీ? ఏదీ, చూపించండి."

"ఏం కాలేదమ్మా. మేం నిలబడేదే ఇలా."

"పుండేం లేదు కదా? సిగ్గుపడకండి."

కొంగ గారు రెండో కాలు కూడా దించి చూపించాల్సొచ్చింది. బూడిదక్క వేళ్ల సందులు కూడా చూసి వదిలింది. ఆయన ఆమె వైపు వింతగా చూసి, తాటాకు సర్దుకున్నారు.

నక్క బావ ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు. "దండాలు సామీ. మా బతుకులు చూశారుగా. అందరికీ గాలికుంటే."

"మా నూనె వాడారా?"

"రోజూ వాడాం."

"వాడినా ఇంతుందా?"

"వాడబట్టే ఇంతతో ఆగిందండీ."

"అంటే తగ్గిందా?"

"తగ్గింది. కానీ ఉంది. ఉంటూనే తగ్గుతోంది."

కొంగ గారు కళ్లార్పారు. బూడిదక్కకి మిగిలిన కాస్త తెలివి కూడా ఆవిరైపోయింది.

"సరే, లోపలికి పదండి. నీడలో వరసగా నిలబడితే ఒక్కొక్కరినీ రాసుకుంటా," అన్నారు కొంగ గారు.

అందరూ కుంటుకుంటూ బయల్దేరారు. దారిలో వేపగుంట వచ్చింది.

ముందున్న ఎద్దు ఆగింది. మడిచిన కాలు చాపి నాలుగు కాళ్లూ ముంచి, విదిలించుకుని, తిన్నగా నడిచి లోపలికెళ్లిపోయింది. దాని వెనక ఎద్దు, ఆ వెనక మేకలు. ఎడమా కుడీ అన్న గొడవే లేదు. నీలవేణి దూడని మెడతో నెట్టి దాని కాళ్లు కూడా తడిపింది. రెండేళ్ల అలవాటు. గుంట కనబడగానే కుంటాలన్న సంగతి ఒక్కరికీ గుర్తులేదు.

నక్క బావ మాత్రం ఎప్పటిలాగే గుంట మీదుగా దూకి, అవతల మళ్లీ కాలు ఈడ్చడం మొదలుపెట్టాడు.

కొంగ గారు గుంటలో ముక్కు పెట్టి చూశారు. "ఇందులో వేప వాసనే లేదు. ఉత్త నీళ్లు."

"నూనె అయిపోయి నెలయిందండీ," అంది బూడిదక్క. "నీళ్లలోనైనా కడుక్కుంటే మంచిదని ముంచుతున్నాం."

"కుంటేవాళ్లంతా ఏమయ్యారు?"

బూడిదక్క తలొంచుకుంది. "ఎవరికీ జబ్బు లేదండీ. అది కుంకుడు నురగ. మీ ప్రశ్నలు నాకర్థం కాలా. ఒకటి చెప్తే రెండోది తప్పవుతోంది. దూడ ఉంది, వానలొస్తున్నాయి. భయమేసి, మూడు కుండలిస్తానని ఒప్పుకున్నా."

"మరి ఈయన?"

"ఆయనకీ లేదండీ."

కొంగ గారు నక్క బావ వైపు తిరిగారు. "నువ్వే చెప్పు. నాటకమాడి సాయం అడగమని చెప్పినవాడెవడో వాణ్ణి ఏనుగుల ముందు నిలబెట్టాలి. నీ జబ్బు నాటకమా, నిజమా?"

నక్క బావ కళ్లముందు ఏనుగు పాదం కదిలింది. "ఎంతమాటండీ. వీళ్లది నాటకం. నాది నిజం."

"నక్కలకి గాలికుంటు వస్తుందా?" అంది బూడిదక్క అయోమయంగా.

"వచ్చిందంటున్నాడుగా," అని కొంగ గారు రాయడం మొదలుపెట్టారు. "జబ్బు ఉంది. ఒకరికి. గుంట దాటి దూకినవాడికి. జబ్బు తగ్గింది. గుంటలో కాళ్లు ముంచిన మిగతా అందరికీ." రాసినదాన్ని ఆయనే రెండుసార్లు చదువుకున్నారు. "రెండు ప్రశ్నలకీ జవాబు దొరికిన మందని ఇన్నేళ్లలో ఇప్పుడే చూస్తున్నా. పది కుండలూ మీకే."

"అంటే మేం గెలిచామా?" అంది బూడిదక్క.

"అనే అనుకుంటున్నా," అన్నారు కొంగ గారు. "రోగిని ముళ్లకంచెలో విడిగా ఉంచండి. నోట్లో నురగుంది కాబట్టి పైకి రాస్తే లాభం లేదు, తాగించాలి. మూడు కుండలు అయ్యేదాకా."

నక్క బావ మూతికున్న నురగ గబగబా తుడుచుకున్నాడు.

తొలి వాన పడేసరికి గుంటలో నీళ్లు పచ్చగా, చేదుగా కంపు కొడుతున్నాయి. దూడ ఎవరూ నెట్టకుండానే వచ్చి నాలుగు కాళ్లూ ముంచింది. అది చూసి నీలవేణి నెమరు వేసుకుంటూ కళ్లు మూసుకుంది.

బూడిదక్క మాత్రం రోజూ ముళ్లకంచె దగ్గరికెళ్తోంది.

"బావా, నోరు తెరువు."

"నాకేం జబ్బు లేదక్కా. నీకు తెలుసుగా."

"నాకు తెలుసు బావా. తాటాకుకి తెలీదుగా. ఊ, తాగు."

పది కుండల్లో నక్క బావ అడిగిన మూడూ నక్క బావకే అందాయి, రోజుకో గుక్క చొప్పున.

నీతి: లేని రోగం చూపించి సాయం గుంజాలనుకున్నవాడు, ఆ మందేదో తనే తాగాల్సొస్తుంది.