బొరియలు పూడ్చుకున్న పీతలు

చలికాలంలో వచ్చి మాఘం వెళ్లేసరికి తిరిగిపోయే గూడకొంగలు, ఆ ఏడు ఎండలు ముదిరినా చెరువు వదల్లేదు. చేపలు వాటివే, పీతలు వాటివే, ఏ ఒడ్డున ఎవరు తిరగాలన్న హుకుమూ వాటిదే.

ఎర్రపీతల నాయకుడు గవరయ్య. సముద్రంలోని పెద్దపీత చెబితే తప్ప కాలు కదిపేవాడు కాదు. పెద్దపీత జన్మలో మంచినీళ్లు చూసి ఎరగడు. అయినా చెరువుల గురించి ఆయనకు తెలియనిది లేదని గవరయ్య నమ్మకం. చివరికి కబురొచ్చింది: "కొంగల్ని తరమడానికి నీటిపిల్లులతో కలవండి."

నీటిపిల్లుల పెద్ద శేషావతారం. "మన చెరువు మనకే" అని రోజూ గట్టెక్కి ఉపన్యాసమిచ్చేవాడు. గవరయ్యను చూడగానే ఎదురొచ్చాడు.

"కలుద్దాం తమ్ముడూ. కాని మీరు బొరియల్లో, మేం గుహలో వేరువేరుగా ఉంటే కొంగలు నవ్వవూ? ఆ బొరియలు పూడ్చేసి మా పంచకు వచ్చెయ్యండి."

గవరయ్యకు అది ఐక్యతలా వినిపించింది. ముసలిపీత పోలమ్మకు అలా వినిపించలేదు.

"కొంగను కరవమంటే నేనూ వస్తాను. బొరియ పూడ్చడం దేనికి నాయనా? నీటిపిల్లి ఏం తిని బతుకుతుందో ఎప్పుడైనా అడిగావా?"

"అలాంటి ప్రశ్నలు వేస్తే ఐక్యత దెబ్బతింటుంది అత్తా."

"నా బొరియ నేను పూడ్చను."

"నీది సంకుచితత్వం" అని తేల్చేసి, గవరయ్య అందరికంటే ముందు తన బొరియను బంకమన్నుతో పూడ్చాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కొంగలు ఒడ్డున కునుకు తీస్తుంటే పీతలన్నీ ఒక్కసారిగా వాటి కాళ్లు పట్టుకున్నాయి. పిలవకపోయినా పోలమ్మ వచ్చి ఒక కాలు పట్టింది. శేషావతారం గట్టు మీద నుంచి ఉత్సాహపరిచాడు, అదీ గొంతు బొంగురుపోయేదాకా. పొద్దువాలేసరికి చెరువులో ఒక్క కొంగ లేదు.

గెలిచిన ఊపులో పీతలు పంచకు చేరాయి. శేషావతారం పిల్లాజెల్లాతో వచ్చి కూర్చుని, చేతికందిన పీతను తీసి నమిలాడు. పొరపాటున జరిగిందేమో అనుకున్నాడు గవరయ్య. రెండోదాన్ని తీశాక అడిగాడు.

"అన్నా, ఇదేమిటి?"

"నిన్నటిదాకా పరాయివాడు తినేవాడు, అది బానిసత్వం. ఇవాళ తినేది మనవాడే కదా తమ్ముడూ."

గవరయ్య పరుగెత్తాడు. బొరియ మీద బంకమన్ను ఎండకు రాయిలా బిగిసిపోయి ఉంది. అంత శ్రద్ధగా మెత్తింది తనే. వెనకనుంచి పడిన పంజాకు ఒక డెక్క ఊడిపోతే, మిగిలిన ఒంటితో పక్కనే ఉన్న పోలమ్మ బొరియలోకి దొర్లాడు.

"అత్తా, నిజానికి విశాల దృష్టితో చూస్తే ఆ పొత్తు సరైనదే..."

"పొత్తు సరైనదే. లేకపోతే కొంగల మీదికి నేనెందుకొస్తాను?" అంది పోలమ్మ. "ఇది ఒక్కదానికి సరిపోయే బొరియ. మాటలాపి, ఉన్న డెక్కతో అటు తవ్వు. బతికినవాళ్లు ఇంకా వస్తారు."

గవరయ్య తవ్వడం మొదలుపెట్టాడు.

నీతి: పరాయివాణ్ణి తరమడానికి ఎవరితోనైనా కలవవచ్చు గాని, కలిసినవాడి మాట మీద మనం తలదాచుకునే చోటు పూడ్చుకోకూడదు.