గుండ్రకర్రకు పీట

గుండ్రని కర్ర ఎంత చిన్నదైనా సరే, పీట వేయందే కరెంటు రంపం బల్ల ఎక్కించేవారు కాదు సుబ్బలింగాచారి గారు. పీటంటే మధ్యలో గాడి తీసిన చెక్క. కర్రను ఆ గాడిలో పడుకోబెట్టి, దొర్లకుండా మరలు బిగించి, అప్పుడు కోసేవారు. గోదావరి గట్టు పొడవునా ఆయన కోతంటే కోతే! అంతటి పనివాడికి ఈ చాదస్తమేమిటని పక్క కలప అడితివాళ్లు నవ్వేవారు.

ఆ నవ్వు పెద్ద శిష్యుడు నాగభూషణానికి గుచ్చుకునేది. అతనిది ఉడుంపట్టు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అతనికి మరీ బాగా తెలుసు. గురువుగారికి చూపు మందగించింది. ఈ విశ్వకర్మ పూజకు రంపం బల్లను శిష్యుల్లో ఒకరికి అప్పగిస్తానన్నారు. అది తనకే రావాలి, పీటల గొడవ లేకుండా రావాలి. పూజ కాగానే నలుగురిలోనూ లేచి అడిగేశాడు.

"గురువుగారూ, చేతిలో సత్తా లేనివాడికి పీట కావాలి. ఉన్నవాడికెందుకండీ?"

ఆచారి గారు మిషను ప్లగ్గు పీకేశారు. నున్నగా చిత్రిక పట్టిన టేకు కర్ర ఒకటి తెచ్చి, ఆగి ఉన్న రంపపు చక్రం ముందు పెట్టి, కర్రకు తాడు చుట్టారు. "బలమంతా పెట్టి పట్టుకో. తిరగనివ్వకు" అన్నారు. తాడు కొస బల్లకు ఆవలి వైపు ప్రసాదం పంచుతున్న భార్య మహలక్ష్మమ్మ చేతికిచ్చారు.

"ఈ వయసులో నాకీ కుస్తీలేమిటండీ!" అంటూనే ఆవిడ కొంగు బిగించి ఒక్క గుంజు గుంజింది.

నాగభూషణం పట్టు వదల్లేదు. అదే కొంప ముంచింది. కర్ర గిర్రున తిరిగింది, దాన్ని కరుచుకున్న చేతులూ దాంతోపాటే ముందుకు పోయాయి. వేళ్లు వెళ్లి చక్రం పళ్లకు తగిలి ఆగాయి. చక్రం తిరగడం లేదు గనక సరిపోయింది. నవ్వబోయినవాళ్లు కూడా నవ్వలేకపోయారు.

నాగభూషణం తనే వెళ్లి పీట తెచ్చాడు. కర్రను గాడిలో పెట్టి మరలు బిగించి, పీటను పట్టుకున్నాడు. "మళ్లీ లాగండమ్మా" అన్నాడు. ఆవిడ ఆయాసం వచ్చేదాకా లాగినా కర్ర పిసరంత తిరగలేదు.

"అయితే నా పట్టు ఎందుకూ కొరగాదా అండీ?" అని అడిగాడు.

"కొరగాకపోతే బల్ల నీకెందుకిస్తానురా? నీ అంత పట్టున్నవాడు నా చేతికింద తయారు కాలేదు. నిన్ను చూస్తే నాకే ఛాతీ పొంగుతుంది." గురువుగారు అతని వేళ్లను ఒక్కొక్కటే తడిమి చూసి, మిషను ప్లగ్గు అతని అరచేతిలో పెట్టారు.

"ఆ పట్టుక్కూడా ఓ పీట వెయ్యి" అన్నారు.